నేను తీసేసిన రొద

మా చిన్నమ్మాయి కొడుకు రవి ఈ మధ్య గుడివాడలో ఎవరి దగ్గరో పాత కారు ఒకటి కొన్నాడు. కొన్న వారానికే దాన్ని మా ఇంటి ముందు ఆపి, మొహం వేలాడేసుకుని అరుగు మీద కూచున్నాడు. రేడియో పెడితే పాట వెనకాల సన్నగా కూత వస్తోందట. బండి జోరు పెంచితే కూతా పెరుగుతుందట, తగ్గిస్తే తగ్గుతుందట. ఇద్దరు మెకానిక్కులు చూసి స్పీకర్లు మార్చి డబ్బు పట్టుకెళ్ళారు గాని కూతని మాత్రం వదిలేసి వెళ్ళారు. నేను వాలుకుర్చీలోంచి లేవకుండానే, ఇంజను ఆపి రేడియో పెడితే కూత ఉంటుందా అని అడిగాను. ఉండదన్నాడు. అయితే అది రేడియో తప్పు కాదు, డైనమోది, ఎర్తు తీగ బిగించిన బోల్టు కింద రంగుందేమో చూసి గీకించమన్నాను. డైనమోకి ఇప్పుడేదో కొత్త పేరుందని వాడు నన్ను దిద్దాడు. మర్నాడు మాత్రం పకోడీల పొట్లంతో వచ్చి, పోయింది తాతయ్యా, జన్మంతా బళ్ళో పాఠాలు చెప్పుకున్నవాడివి, నీకిదెలా తెలుసు అన్నాడు. చిన్నప్పుడు కొన్నాళ్ళు ఒక మోటారు మీద పనిచేశానులేరా అని ఊరుకున్నాను. వాడు అడిగినదానికి అది సగం జవాబే.

ముందు ఇంజను ఆపి వినాలి అని నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు. నాంచారయ్య అని, దివిసీమ కొసన సముద్రం ఒడ్డున వేట మీద బతికిన ముసలాయన. చదువు లేదు, మోటారు మీద చెయ్యి వేసి కూడా ఎరగడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు ప్రాణం నేను బిగించిన రెండంగుళాల రేడియో వాల్వు దగ్గర ఆగిన రోజు ఒకటుంది. ఆ సంగతి నాకు తెలియక జరిగిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తెలియక కాదు. ఈ వయసులో ఇంకా ఎవరిని మోసం చెయ్యాలి?

అసలు సంగతికి ముందు మా మావయ్య ఇంటి గురించి చెప్పాలి, ఎందుకంటే నా బుద్ధి తయారైంది అక్కడే. నాన్న పోయాక మా అమ్మ తమ్ముడు నన్ను బందరు తీసుకొచ్చి చదివించాడు. ఆయన కోర్టులో గుమాస్తా. పగలంతా వకీళ్ళ అరుపులు, కక్షిదారుల ఏడుపులు విని విని, ఇంట్లో చీమ చిటుక్కుమన్నా సహించేవాడు కాదు. భోజనం దగ్గర మరీను. ఔపోసన పట్టాడంటే ఉత్తరాపోసన దాకా నోట మాట ఉండదు. చిటికెన వేలు కదిపితే నెయ్యి, అరచెయ్యి బోర్లిస్తే చాలు, రెండు వేళ్ళు చూపిస్తే మజ్జిగ. అత్తయ్య ఆ వేళ్ళ వంకే చూస్తూ గోడకి ఆనుకుని నిలబడేది. ఇంగువ పోపు చిటపటలు ఆయన విస్తరి ముందు కూర్చోకముందే అయిపోవాలి. గరిటె గిన్నెకి తగలకూడదు. బావి గిలక కిర్రుమంటుందని అత్తయ్య దానికి వారానికోసారి ఆముదం రాసేది. ఆ ఆముదం వాసన, మావయ్య మడిపంచెల వాసన, ఇంగువ వాసన కలిసి మా ఇంటి నిశ్శబ్దానికే ఒక వాసనున్నట్టు నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఎప్పుడైనా నా చేతిలో చెంబు జారి పడితే ఆయన తిట్టేవాడు కాదు. సగంలో విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. ఆ పూట ఆయన పస్తు నా వల్లేనని నేను రాత్రిదాకా కుమిలేవాణ్ణి. చప్పుడంటే మైల, నిశ్శబ్దమంటే శుభ్రం అని నాకు ఎవరూ చెప్పలేదు, ఆ ఇంట్లో పీల్చిన గాలితోపాటే ఒంటికి పట్టింది.

యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించుకుని నడిపేవారు. బందరు నుంచి గుడివాడ వెళ్ళి దిగేసరికి చొక్కా, ముక్కు, నోట్లో ఉమ్ము కూడా బొగ్గు వాసనే. ఆ కరువులోనూ పెట్రోలు పోసుకు తిరిగే మోటారు ఒకటుండేది, యుద్ధం కబుర్లు ఊరూరా వినిపించడానికి పెట్టిన ప్రచారపు మోటారు. లోపల వాల్వుల రేడియో, దాని పక్కన శబ్దం పెంచే పెట్టె, కప్పు మీద రెండు గొట్టాల స్పీకర్లు. కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు వైర్‌లెస్ పత్రికలు నమిలేసి, సిగరెట్టు డబ్బాలో స్ఫటికం పెట్టి రేడియో చేసిన కుర్రవాడని నాకు చిన్న పేరుండేది. మావయ్య ఎవరితోనో చెప్పించి నన్ను ఆ మోటారు మీద ఆపరేటరుగా వేయించాడు. డ్రైవరు కోటయ్య నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. నన్ను పంతులుగారూ అని పిలుస్తూ నా మీద పరాచికాలాడేవాడు. ఇంట్లో చప్పుడు కాకుండా పెరిగినవాణ్ణి ఊళ్ళు దద్దరిల్లించే ఉద్యోగంలో పెట్టారని ఆయనకి ఒకటే నవ్వు.

నెలకోసారి దివిసీమ తిరిగేవాళ్ళం. పులిగడ్డ దగ్గర ఏరు దాటి, అవనిగడ్డలో భోంచేసి, అక్కణ్ణుంచి మోటారు పోగలిగినంత దూరం పోయేవాళ్ళం. ఉప్పు మళ్ళ దగ్గర బాట ఆగిపోయేది. అక్కడ మోటారు నిలిపి గ్రామఫోను ప్లేటు వేస్తే సరుగుడు తోపుల అవతల ఉన్న పల్లె నుంచి జనం వచ్చేవారు. సాయంత్రం మద్రాసు వార్తలు వినిపించడం మా పని. పెట్టె బ్యాటరీని తాగేస్తుందని కోటయ్య ఇంజను ఆడిస్తూనే ఉంచేవాడు. దాంతో వార్తల వెనక కూత, టకటక, గరగర అన్నీ కలిసి వచ్చేవి. మొదటిసారి వెళ్ళిన రోజునే ఒక ముసలాయన మోటారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఉప్పుగాలికి నల్లబడి బిగుసుకున్న ఒళ్ళు, ఉతికిన పంచె, తలకి నూనె. పెళ్ళికి వచ్చినవాడిలా వచ్చాడు. ఒక్క పిసరు ఇంజను ఆపిస్తారా బాబూ అని అడిగాడు. కోటయ్య సణుక్కుంటూ ఆపాడు. వార్తలు చెప్తున్నంతసేపూ ఆయన మొహంలో ఏమీ లేదు. వార్తలు అయిపోయి జనం కదిలాక, మాటలు లేనిచోట రేడియో ముల్లు పెట్టి పెట్టెని కాసేపు ఊరికే ఉంచమన్నాడు. స్పీకరు గొట్టం కిందకి తల వంచి, కళ్ళు మూసుకుని, వేళ్ళ కణుపుల మీద జపం చేసుకున్నట్టు లెక్కపెడుతూ ఉండిపోయాడు. పెట్టెలోంచి వచ్చేది అప్పుడప్పుడు చిటుక్కు, చిటచిట, అంతే. తర్వాత పక్కనున్న కొడుకుతో, దూరాన ఉంది, ఇటు రాదు, పొద్దున పడవలు దింపుకోండి అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. అది ఇంజను రొద తాతా, నీ సముద్రానికీ దీనికీ సంబంధం లేదు అన్నాను, క్లాసులో పాఠం చెప్పినట్టు. ఆయన నా వంక తేరిపార చూశాడు. కోపం లేదు.

"ఇంజను రొద ఇంజనుతోనే పోయింది కద బాబూ. ఇది పోలేదు."

ఆయనన్నది నిజమని ఒప్పుకునే వయసు కాదు నాది. తర్వాత కోటయ్య చెప్పాడు. నాకు ముందు పనిచేసిన ఆపరేటరు రోజుల నుంచీ నాంచారయ్య అలా వచ్చి వింటాడట. ఒకసారి పెట్టె పేలాలు వేగినట్టు చిటపటలాడితే మూడు రోజులు పడవలు దింపొద్దన్నాడట, రెండో రోజు గాలివాన వచ్చిందట. ఆ పల్లెలో పడవ దింపాలా వద్దా అన్నది ఆయన నోటి మాట. ఆకాశం, అల, గాలి వాసన, తూనీగలు అన్నీ చూసి, అప్పటికీ తేలకపోతే, మా మోటారు వచ్చే రోజు దగ్గర్లో ఉంటే దానికోసం ఆగి, పెట్టె ఏమంటుందో విని చెప్పేవాడు. యుద్ధం మూలంగా వాతావరణం కబుర్లు రేడియోలో చెప్పేవారు కాదు, శత్రువుకి పనికొస్తాయని అనేవారు. అందువల్ల ఆయనకి కావలసిన కబురు మేం తెచ్చే వార్తల్లో ఉండేది కాదు, వార్తల మధ్యనున్న సందుల్లో ఉండేది. నేను కాకతాళీయం అన్నాను. కొత్తగా నేర్చుకున్న పెద్ద మాట, ఎక్కడ దొరికితే అక్కడ వాడేవాణ్ణి. ఆ తర్వాత నెల తిరక్కుండానే ఒక పత్రికలో చదివాను కూడా, ఎక్కడో వందల మైళ్ళ దూరాన మెరుపు మెరిస్తే రేడియోలో చిటుక్కుమంటుందని. చదివి, బాగుందే అనుకుని పేజీ తిప్పేశాను. నాంచారయ్య చెప్పింది నిజమేనని ఆ పేజీ చెబుతోందని నాకు తట్టకపోలేదు. మళ్ళీ కలిసినప్పుడు ఆ మాట ఆయనతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ వర్షాకాలం చివర గుడివాడలో సభ జరిగింది. పెద్ద అధికారి ఒకాయన మా మోటారు పెట్టెలోనే ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన గంభీరంగా దేశం గురించి చెబుతుంటే వెనకనుంచి మా డైనమో కుక్కపిల్లలా కుయ్యిమంది. ముందు వరసలో ఉన్న పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలు నవ్వారు. సభ అయ్యాక నన్ను పిలిపించి, వచ్చే నెల ఒకటో తారీఖుకల్లా పెట్టెలో ఒక్క చప్పుడు వినపడకూడదు, వినపడితే వేరే వాణ్ణి చూసుకుంటాం అన్నారు. మావయ్య పరువు పెట్టి ఇప్పించిన ఉద్యోగం. ఆ వేళ బందరు తిరిగొచ్చి విస్తరి ముందు కూచుంటే నాకు ముద్ద దిగలేదు. మావయ్య మౌనంలోంచే నా వంక చూసి, ఏమైందని కనుబొమ్మలతో అడిగాడు. భోజనమయ్యాక చెప్పాను. రొద పోగొట్టలేనివాడివి మా ఇంట్లో ఎలా పెరిగావురా అన్నాడు. పరిహాసానికే అన్నాడు గాని అది నాకు మంత్రోపదేశంలా పనిచేసింది.

మోటారుని మావయ్య ఇంటి దొడ్లోకి తెప్పించి పది రోజులు దాని కిందా మీదా పడ్డాను. ఒక్కో రొదనీ విడదీసి పట్టుకోవాలి. ఇంజను జోరుతో పెరిగి తగ్గే కూత డైనమోది. దాని మూతి దగ్గర కండెన్సరు కడితే పోయింది. ఇంజనుతోపాటే లయగా కొట్టే టకటక నిప్పురవ్వ ప్లగ్గులది. వాటి తీగల్లో రెసిస్టర్లు అతికితే అదీ అణిగింది. గతుకుల్లో మాత్రమే వచ్చే గరగర ఎర్తుది. బోల్టు కింద రంగు గీకి, జడలా అల్లిన రాగి తీగతో ఇంజనుని చట్రానికి కట్టి బిగిస్తే ఆ గరగరా ఆగింది. టంకం వేసేటప్పుడు వచ్చే గుగ్గిలం పొగ దొడ్డంతా కమ్ముకునేది. పూజ కూడా ఇక్కడే చేస్తున్నావా అని అత్తయ్య వంటింట్లోంచి గుసగుసగా వేళాకోళం చేసేది. అంతా అయ్యాక ఇంజను ఆపి విన్నాను. ఒక్క చిటుక్కు మిగిలింది. ఆగి ఆగి వస్తోంది. మోటారుని కదిపినా, తీగలు లాగి చూసినా, కప్పు మీది ఏరియలు తీగ తప్ప ఏం పీకేసినా అది పోదు. దాని సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఇంత కష్టపడి ఇల్లంతా కడిగి గడప దగ్గర చెత్త వదిలేసినట్టుందని నాకు కడుపు మండింది. పత్రికలో దానికీ విరుగుడు ఉంది. ఒక చిన్న వాల్వు, రెండు రెసిస్టర్లు కలిపి పెట్టెలో ఒక కాపలా పెట్టాలి. మాట వస్తుంటే వదులుతుంది, ఉన్నట్టుండి చిటుక్కుమన్నది వస్తే ఆ క్షణం దారి మూసేస్తుంది. మద్రాసు నుంచి ఆ వాల్వు తెప్పించి బిగించాను. ఆ సాయంత్రం మావయ్య వచ్చి మోటారు పక్కన నిలబడ్డాడు. ముల్లు మాటలు లేనిచోట పెట్టి, పెట్టె గొంతు పూర్తిగా పెంచాను. వట్టి బుస తప్ప ఏమీ లేదు. ఆయన తల ఊపి, ఇప్పుడు మడి కట్టుకుందిరా నీ పెట్టె అన్నాడు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన నన్ను మెచ్చుకున్న రోజు లేదు. నాకు కళ్ళు చెమర్చాయి.

కార్తీకమాసం. ఉప్పు మళ్ళ దగ్గర మోటారు ఆపేసరికి పొద్దు ఇంకా రెండు బారలుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉన్న గాలి కూడా పడిపోయి, సరుగుడు చెట్లు ఆకు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఇంత ప్రశాంతంగా ఉందేమిటని నేను సంబరపడ్డాను. నాంచారయ్య మాత్రం సంబరంగా లేడు. అల పైకి మామూలుగానే ఉంది గాని అడుగున ఎత్తు పెరిగిందనీ, మూడు రోజులుగా తనకి మనసు నెమ్మదిగా లేదనీ కోటయ్యతో చెబుతున్నాడు. పడవలన్నీ రెండు రోజులుగా ఒడ్డునే ఉన్నాయి. కుర్రాళ్ళు విసుక్కుంటున్నారు. అందరికంటే ముందున్నవాడు ఆయన కొడుకు రాఘవులు. పెళ్ళయి మూడు నెలలు. ఆ సీజనులోనే వాడికి సొంత పడవ అమిరింది. దాన్ని పెద్దనీళ్ళలోకి తనే తీసుకెళ్ళాలని తొందర. వాడి పెళ్ళాం మహాలక్ష్మి, మాలచ్చి అనేవారు, జనానికి కాస్త ఎడంగా నిలబడి ఉంది. పసుపు ఆరని మంగళసూత్రం తాడు వేలికి చుట్టుకుంటూ మామగారి మొహం వంకే చూస్తోంది.

వార్తలయ్యాయి. ఎవరూ చెప్పకుండానే కోటయ్య ఇంజను ఆపాడు. నేను ముల్లు జరిపాను. నాంచారయ్య గొట్టం కిందకి వచ్చి తల వంచాడు. కణుపు మీద పెట్టిన బొటనవేలు కదల్లేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అన్నిసార్లూ విన్నదానికంటే ఎక్కువసేపు. చివరికి తలెత్తి, పూర్తిగా పెట్టారా బాబూ అని అడిగాడు. పెట్టె గొంతు ఇంకా పెంచి, చూడు తాతా, ఎంత శుభ్రంగా ఉందో, ఒక్క చిటుక్కు లేదు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో ఉన్న గర్వం నాకిప్పటికీ వినపడుతుంది. అదే క్షణంలో, వాల్వు సంగతి ఈయనకి చెప్పాలి అని కూడా అనిపించింది. అనిపించలేదని అబద్ధమాడను. చెప్పాలంటే ఆ చిటుక్కు ఇంజనుది కాదని ఒప్పుకోవాలి. నువ్వన్నదే నిజమని ఒక ముసలి బెస్తవాడితో అందరి ముందూ అనాలి. ఏరు దాటాలి, పొద్దుపోతోంది అని కోటయ్య తొందరపెట్టాడు. నాకు ఆ తొందర బాగా పనికొచ్చింది. నాంచారయ్య ఇంకోసారి సముద్రం వైపు చూశాడు. తన మనసుని తనే కసురుకున్నట్టు తల విదిలించి, కొడుకుతో అన్నాడు.

"అయితే ఎల్లండ్రా. పైన ఏం లేదు."

తెల్లవారాక కూడా బందరులో ఆకాశం బాగానే ఉంది. మధ్యాహ్నానికి తూర్పు రాగి రంగు తిరిగింది. మావయ్య కోర్టు నుంచి తొందరగా వచ్చేశాడు. భోజనానికి కూచునేసరికి దొడ్లో కొబ్బరిచెట్లు వంగి లేస్తున్నాయి. వంటింటి పెంకులు ఒక్కొక్కటే ఎగిరి బావి గట్టు మీద పగులుతుంటే ఆ మనిషి మౌనం వదలకుండా వేళ్ళతో నెయ్యి అడిగాడు. నేను తినకుండానే లేచి దొడ్లో షెడ్డు కిందున్న మోటారు దగ్గరికి పరిగెత్తాను. యుద్ధం సంగతి ఎలా ఉన్నా ఇలాంటి వేళ ఏదైనా కబురు చెప్పకపోతారా అని ఆశ. రేడియో పెట్టాను. ఎవరో సంగీతం పాడుతున్నారు, గాజు గ్లాసులో నీళ్ళంత నిర్మలంగా. ఎదురుగా ఆకాశం నిలువునా చీలుతూ మెరిసింది. పెట్టె చిటుక్కుమనలేదు. మళ్ళీ మెరిసింది, ఇంటి గోడలు తెల్లబడేంత. పెట్టెలో పాట మాత్రం అలాగే సాగింది. వాల్వు చుట్టూ ఒక తీగ ముక్క అడ్డం వేసి, కాపలా తప్పించాను. ఒక్కసారిగా పెట్టె భళ్ళుమంది. పెంకుల మీద వడగళ్ళు కుమ్మరించినట్టు ఆగకుండా మోగింది. నిన్న సాయంత్రం కూడా ఇది ఇలాగే మోగుతూ ఉండాలి. నేను దాని నోరు నొక్కి పట్టుకుని, వినమని ఆయన ముందు పెట్టాను. మోటారులో కూచుని పెద్దగా ఏడ్చాను. ఆ రొదలో నా ఏడుపు ఎవరికీ వినపడలేదు. వెనకనుంచి ఎవరో పిలిచారు. మావయ్య, ఎంగిలి చేత్తో, వానలో నిలబడి, ఏమైందిరా అని అడుగుతున్నాడు. ఆయన విస్తరి ముందు నుంచి లేచి మాట్లాడటం నేను చూసింది అదొక్కసారే.

దారులు బాగై మేం మళ్ళీ అక్కడికి వెళ్ళేసరికి ఇరవై రోజులు పట్టింది. సరుగుడు తోపులు నేలకి పరుచుకుని ఉన్నాయి. వేటకి వెళ్ళిన పడవల్లో మూడు రాలేదు. రాఘవులు పడవ అందులో ఒకటి. నాంచారయ్య మోటారు దగ్గరికి వచ్చాడు. పంచె ఉతికింది కాదు, తలకి నూనె లేదు. ఆ వాల్వు అప్పటికే పీకేశాను, ఇంటి వెనక కాలవలో పారేశాను కూడా. దారంతా నిజం చెప్పాలనే కూడగట్టుకుంటూ వచ్చాను. ఆయన నన్ను తిట్టడానికి రాలేదు, కొట్టడానికి రాలేదు. అలా వచ్చి ఉంటే చెప్పేవాణ్ణేమో. మెల్లగా, తనకి తెలియని లెక్క అడిగినట్టు అడిగాడు.

"ఆ రోజు పెట్టె ఎందుకు పలకలేదు బాబూ?"

చుట్టూ ఆ పల్లె మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అన్నదమ్ములు పోయినవాళ్ళు, కొడుకులు పోయినవాళ్ళు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"పెట్టె బాగానే ఉంది తాతా. నీకే వినపడలేదేమో" అన్నాను.

కోటయ్య చటుక్కున నా వంక చూశాడు. ఆ రోజు నుంచి నన్ను పంతులుగారూ అని పిలవడం మానేశాడు. నాంచారయ్య కుడిచెయ్యి ఎత్తి చెవి మీద పెట్టుకున్నాడు. అయ్యుంటుంది బాబూ, పెద్దతనం వచ్చింది అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన వెనక నిలబడ్డ మగవాళ్ళ మొహాలు ఆయన వైపు తిరగడం నేను చూశాను. ఆ తర్వాత రెండు నెలలు అక్కడికి వెళ్ళాం. ఇంజను ఆపి, ముల్లు జరిపి ఎదురుచూసేవాణ్ణి, పెట్టె చిటపటలాడేది, వినడానికి ఎవరూ వచ్చేవారు కాదు. మూడో నెల ఉద్యోగం మానేసి బళ్ళో చేరాను. మావయ్య కారణం అడిగితే చప్పుడు పడటం లేదన్నాను. ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు.

ఇప్పుడు తుపాను ఎక్కడో పుట్టీ పుట్టగానే టీవీలో దాని బొమ్మ వేసి చూపిస్తారు, అది ఎటు నడుస్తోందో గంటగంటకీ చెబుతారు. పిల్లలు దాన్ని క్రికెట్టు స్కోరులా చూసి ఛానలు మారుస్తారు. మంచిదే. ఎవరి చెవి మీదా ఒక ఊరు ఆధారపడనక్కర్లేదు. కాని రవి కారులో రొద పోయిన రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. చివరికి మొన్న ఆదివారం వాణ్ణి బతిమాలి ఆ కారులోనే దివిసీమ వెళ్ళాను. ఇప్పుడు తారు రోడ్డు పల్లె దాకా ఉంది. నాంచారయ్య ఇల్లేదని అడిగితే, చెవిటి నాంచారయ్యా అన్నారు.

మాలచ్చి ఉంది. నెత్తి ముగ్గుబుట్టయింది. గుమ్మంలో కూచుని ఎండుచేపలు ఏరుతోంది. ఫలానా అని చెప్పుకుంటే, పెట్టె బాబుగారు కదా అని గుర్తుపట్టి మంచం వాల్చింది. మళ్ళీ పెళ్ళి చేస్తామన్నా చేసుకోలేదట, మామగారిని పోయేదాకా తనే చూసుకుందట. ఆయన ఆ తర్వాత పడవల సంగతిలో నోరెత్తలేదనీ, అడిగేవాళ్ళూ లేకపోయారనీ చెప్పింది. రోజూ పొద్దుగూకే వేళకి వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చెవుల్లోనూ పోయించుకునేవాడట, పోయేనాటి దాకా. బందరులో డాక్టరు చూసి చెవులు శుభ్రంగా ఉన్నాయన్నా నమ్మలేదట. నా కొడుకుని మింగిన చెవులు ఎట్టా బాగుంటాయి అనేవాడట. ఈ ఇంట్లో ఇప్పటికీ పొద్దుగూకితే నాకా వెల్లుల్లి వాసనే తగులుద్ది బాబుగారూ అంది.

అప్పుడు చెప్పాను. వాల్వు సంగతి, తెలిసీ చెప్పని సంగతి, ఆయన చెవుల మీదకి తోసేసిన సంగతి. ఎంత పొందిగ్గా చెప్పాలనుకున్నానో అంత తడబడుతూ చెప్పాను. ఆమె చేపలు ఏరడం ఆపలేదు. నేను చెప్పడం అయిపోయాక చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది. ఆ రోజు ఆయనకి వినపడాల్సిందేందో నాకోసారి వినిపిస్తారా అని అడిగింది.

రవితో ఇంజను ఆపమన్నాను. మీడియం వేవులో స్టేషన్లు లేనిచోట ముల్లు పెట్టమంటే, ముల్లు లేదు తాతయ్యా, అంకెలే అని ఏదో నొక్కి పెట్టాడు. ఆమె కారు తలుపు పట్టుకుని, అచ్చం ఆయనలాగే తల వంచింది. తూర్పున ఎక్కడో దూరాన వాన ఉన్నట్టుంది. చిటుక్కుమంది. కాసేపటికి మళ్ళీ చిటచిట.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

ఆమె అలాగే వంగి ఇంకాసేపు విన్నది. తర్వాత నిటారుగా నిలబడి నా మొహంలోకి చూసింది.

"ఈ ముక్క ఆయనుండగా చెప్పాల్సింది బాబుగారూ."

లోపలికి వెళ్ళిపోయింది. రవి నా వంక చూసి, ఆపెయ్యనా తాతయ్యా అని అడిగాడు. వద్దన్నాను.